సెయింట్ జాన్‌లో ఒక మధ్యాహ్నం, ఒక సూర్యాస్తమయం: పవర్‌బోటా, తెరచాప పడవా, బీచే చాలా?

మాది శ్రీకాకుళం. కళింగపట్నం తీరాన పొద్దు పొడవడం ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. సముద్రంలో పొద్దు గుంకడం మాత్రం పెళ్ళయి అమెరికా వచ్చేదాకా చూడలేదు. మన తీరమంతా తూర్పు వైపే. సాయంత్రమయ్యేసరికి సూర్యుడు మన వీపు వెనక, కొబ్బరిచెట్ల అవతలకి దిగిపోతాడు. అందుకే అమ్మానాన్నా న్యూజెర్సీ వచ్చినప్పుడు వాళ్ళకి నీళ్ళలో దిగే సూర్యుణ్ణి చూపించాలని పట్టుబట్టాను. అమెరికా వర్జిన్ ఐలాండ్స్‌లోని సెయింట్ థామస్, సెయింట్ జాన్ దీవులకి తీసుకెళ్ళాం. మ్యాపు చూస్తే సెయింట్ జాన్, శ్రీకాకుళం దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి, 18.3 డిగ్రీల దగ్గర. ఆ ఎండ, ఆ ఉక్కపోత, టపీమని పడే ఆ చీకటి, అన్నీ మనకి తెలిసినవే.

మొదటిసారి మాత్రం ఆ పొద్దు చూడలేకపోయాం. మార్చి నెల. బీచ్, సన్‌సెట్ రెండూ ఉన్న ప్రైవేట్ హాఫ్ డే అని రాసి ఉంటే నమ్మి బుక్ చేశాను. ఒంటిగంటకి ఎక్కించుకున్నారు, ఐదింటికి జెట్టీలో దింపేశారు. మార్చిలో అక్కడ సూర్యుడు గుంకేది ఇంచుమించు ఆరున్నరకి. నాన్న జెట్టీ మీద నిలబడి నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఇంకా బోలెడు పొద్దుందే అమ్మా" అన్నారు. నాలుగు గంటలకి డబ్బు కట్టాను గానీ, ఆ నాలుగు గంటలు ఎప్పుడు అయిపోతాయో చూసుకోలేదు. ఆ తర్వాత మరో రెండుసార్లు వెళ్ళాం. పవర్‌బోటు, తెరచాప పడవ, జీపేసుకుని బీచ్, మూడూ చూశాం కాబట్టి ఏది ఎవరికి నప్పుతుందో చెప్పగలననే ధైర్యంతో రాస్తున్నాను.

ముందు గడియారం, తర్వాతే బోటు

అక్కడ గడియారాలు మార్చరు. చలికాలంలో మన న్యూజెర్సీ టైముకన్నా గంట ముందుంటారు, వేసవిలో ఇద్దరిదీ ఒకటే టైము. డిసెంబర్‌లో పొద్దు గుంకేది 5:45 ప్రాంతంలో, జూన్ చివర్లో ఏడింటికి. మధ్య నెలల్లో ఈ రెంటి మధ్య. సూర్యుడు మునిగాక పావుగంట, ఇరవై నిమిషాలు వెలుగుంటుంది. ఆ తర్వాత చీకటే. అమెరికాలో సాగే పొడుగాటి సాయంత్రాలు అక్కడ ఉండవు.

కాబట్టి లెక్క వెనక నుంచి వేసుకోండి. డిసెంబర్‌లో అయితే 2:15 నుంచి 6:15, జూన్‌లో అయితే 3:30 నుంచి 7:30, ఇదీ మీకు కావలసిన హాఫ్ డే. చాలామంది బోటువాళ్ళు పొద్దున ఒక ట్రిప్పు, మధ్యాహ్నం ఒక ట్రిప్పు వేసి ఐదింటికల్లా ముగించేస్తారు. టైము జరపమని ముందే అడగాలి. కొందరు ఒప్పుకుంటారు, కొందరు చీకట్లో తిరిగి రావడం ఇష్టంలేక ఒప్పుకోరు. ఒప్పుకోని వాళ్ళు ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు. వాళ్ళు మంచి బీచ్ ట్రిప్పు ఇస్తారు, సూర్యాస్తమయం మాత్రం ఇవ్వరు.

రెండో సంగతి దిక్కు. ఫొటోలో బీచ్ ఎంత బాగున్నా, అది ఎటు చూస్తోందో కనుక్కోవాలి. సెయింట్ జాన్‌లో అందరూ చెప్పే ట్రంక్ బే ఉత్తరం వైపు ఉంది. నీటి అడుగున బోర్డులు పెట్టిన స్నార్కెల్ (నోట్లో గొట్టం పెట్టుకుని ఊపిరి తీసుకుంటూ నీళ్ళ అడుగు చూసే ఈత) దారి ఉంది, చూడాల్సిన చోటే. కానీ సూర్యాస్తమయానికి అది చోటు కాదు. సెయింట్ థామస్‌లో సఫైర్ బీచ్, లిండ్‌క్విస్ట్ బీచ్ తూర్పు కొసన ఉన్నాయి. పొద్దున పూట బ్రహ్మాండంగా ఉంటాయి, సాయంత్రం పూట సూర్యుడు కొండ వెనక ఉంటాడు. విమానాశ్రయం దగ్గరి బ్రూయర్స్ బే పడమర చూస్తుంది. సెయింట్ జాన్‌లో హనీమూన్ బీచ్, మాహో బే, ఫ్రాన్సిస్ బే కూడా పడమర వైపు తెరుచుకుని ఉంటాయి.

దీంట్లో ఇంకో మెలిక ఉంది. సూర్యుడు ఏడాది పొడుగునా ఒకేచోట గుంకడు. ఆ అక్షాంశంలో జూన్‌లో నిండు పడమరకి సుమారు 25 డిగ్రీలు ఉత్తరంగా, డిసెంబర్‌లో అంతే దక్షిణంగా గుంకుతాడు. వేసవిలో మాహో బేలో కనిపించిన దృశ్యం చలికాలంలో కొండ చాటుకి పోవచ్చు. సెయింట్ జాన్‌లోని క్రూజ్ బే ఊరి ఒడ్డున నిలబడితే ఎదురుగా సెయింట్ థామస్ కొండలుంటాయి, సూర్యుడు వాటి వెనక్కి జారతాడు. అదీ అందమే. కానీ నీళ్ళలోనే మునగాలి అనుకుంటే బోటు తప్పదు. బోటుకి ఉన్న అసలు సుఖం అదే, కొండ అడ్డమొస్తే జరగొచ్చు.

మీలో ఈత రానివాళ్ళెవరు?

బోటు ఎంపికని ధర తేల్చదు, మనుషులు తేలుస్తారు. అందులోనూ గుంపులో అందరికన్నా ఇబ్బంది పడే మనిషి ఎవరో చూసి, ఆ మనిషికి తగ్గట్టు ఎంచుకోవాలి. మా గుంపులో ఆ మనిషి అమ్మ. ఈత రాదు, మోకాళ్ళ నొప్పులు, నడుముకి బెల్టు.

చాలామందికి తెలియని విషయం ఒకటి ఉంది: సెయింట్ జాన్‌లోని నేషనల్ పార్కు బీచ్‌ల దగ్గర బోటు ఇసుక దాకా రాదు. ఈతకి వదిలిన నీళ్ళ చుట్టూ తేలే బోయాలుంటాయి. వాటి బయటే బోటు కట్టేసి, అక్కడ నుంచి ఈదుకుంటూ ఒడ్డుకి వెళ్ళమంటారు. కొన్నిచోట్ల చిన్న డింగీలో దింపుతారు, అదీ అన్ని బోట్లకీ ఉండదు. ఈతొచ్చిన కుర్రాళ్ళకి ఆ కాస్త దూరం సరదా. మా అమ్మ మాత్రం లైఫ్ జాకెట్ వేసుకుని నిచ్చెన మీద రెండు మెట్లు దిగి, నీళ్ళు పాదానికి తగలగానే వెనక్కి ఎక్కేసింది. బీచ్ పేరుతో వచ్చి బీచ్‌ని బోటులోంచే చూసింది. "మీ బోటులోంచి ఒడ్డుకి నడిచి దిగొచ్చా, ఈదాలా?" అని బుక్ చేసేముందే అడగండి.

పవర్‌బోటు

ఈతొచ్చినవాళ్ళు నలుగురి నుంచి ఆరుగురి దాకా ఉంటే నా ఓటు దీనికే. నాలుగు గంటల్లో మూడు చోట్లు తిరగొచ్చు. సెయింట్ థామస్ తూర్పు కొసన ఉన్న రెడ్ హుక్ రేవు నుంచి బయల్దేరి, గ్రేట్ సెయింట్ జేమ్స్ దీవి పక్కన క్రిస్మస్ కోవ్‌లో ఆగి స్నార్కెల్ చేయొచ్చు. అక్కడ పిజ్జాలు చేసి అమ్మే పడవ ఒకటి లంగరేసి ఉంటుంది, శాకాహారులకి ప్రాణం లేచొస్తుంది. తర్వాత మాహో బేలో పచ్చ తాబేళ్ళు. నీటి అడుగున గడ్డి మేస్తూ, కాసేపటికోసారి ముక్కు పైకెత్తి గాలి పీల్చుకుని మళ్ళీ దిగుతాయి. దూరం నుంచే చూడాలి, ముట్టుకోకూడదు, వాటికి చట్టం రక్షణ ఉంది.

ఇబ్బందులు కూడా చెప్పాలి. సెయింట్ థామస్‌కీ సెయింట్ జాన్‌కీ మధ్య ఉన్న పిల్స్‌బరీ సౌండ్‌లో గాలి ఉన్న రోజు అల మీద అల వస్తుంది. వేగంగా వెళ్ళే బోటు ఒక్కో అల మీద ఎగిరి దబ్బున పడుతుంది. డిసెంబర్, జనవరిల్లో తూర్పు గాలులు మరీ బలంగా వీస్తాయి. నడుమునొప్పి ఉన్నవాళ్ళని, గర్భిణుల్ని ఇందులో ఎక్కించకండి. తప్పదంటే బోటు వెనక భాగంలో కూర్చోబెట్టండి, ముందువైపు కుదుపు ఎక్కువ. చిన్న బోట్లలో టాయిలెట్ ఉండకపోవచ్చు. ఆడవాళ్ళు, షుగర్ ఉన్న పెద్దవాళ్ళు, చిన్నపిల్లలు ఉంటే ఇది నాలుగు గంటల సమస్య. మొహమాటపడకుండా అడగండి.

ఆరుగురు అనే లెక్క ఊరికే పెట్టింది కాదు. కోస్ట్ గార్డ్ తనిఖీ పత్రం లేని చిన్న బోట్లలో డబ్బు తీసుకుని ఆరుగురు ప్రయాణికుల్నే ఎక్కించుకోవచ్చు. చంకలో పాపాయి కూడా ఒక ప్రయాణికురాలే. రెండు కుటుంబాలు కలిసి ఎనిమిదిమంది అయితే ఎలా తీసుకెళ్తారో వివరంగా అడగండి. కొన్ని పెద్ద బోట్లకి తనిఖీ పత్రం ఉంటుంది. ఇంకొన్ని చోట్ల బోటు అద్దెకి ఒక ఒప్పందం, కెప్టెన్‌కి వేరే ఒప్పందం రాయించుకుని పన్నెండుమంది దాకా ఎక్కిస్తారు. ఇది చట్టబద్ధమే, కానీ ఆ పద్ధతిలో బోటు బాధ్యత చాలావరకు మీ మీదికి వస్తుంది. సంతకం పెట్టేముందు చదవండి.

ధర విషయంలో ఒక్క మాట గుర్తుంచుకోండి: చెప్పిన అద్దె మొత్తం ఖర్చు కాదు. ఇంధనం చాలాచోట్ల విడిగా ఉంటుంది, తిరిగిన దూరాన్ని బట్టి చివర్లో లెక్క కడతారు. కెప్టెన్‌కి 15 నుంచి 20 శాతం టిప్ మామూలు. లెక్క తెలియడం కోసం అద్దె 800 డాలర్లు అనుకోండి. ఇంధనం 120, టిప్ 18 శాతం చొప్పున 144, మొత్తం 1064. ఆరుగురైతే మనిషికి 177, ఇద్దరే అయితే 532. ఇద్దరి కోసం ప్రైవేట్ పవర్‌బోటు తీసుకోవడం నాకు సబబుగా అనిపించదు.

తెరచాప పడవ

పెద్దవాళ్ళతో వెళ్తే ఇదే. రెండో ఆలోచన అక్కర్లేదు.

రెండు పొట్టలున్న (అంటే నీళ్ళలో తేలే అడుగు భాగాలు రెండున్న) కాటమరాన్ అయితే ఇంకా మంచిది, పక్కకి ఒరగదు, నడవడానికి చోటుంటుంది, నీడ ఉంటుంది, టాయిలెట్ ఉంటుంది. కాటమరాన్ అనే మాట తమిళ కట్టుమరం నుంచి వెళ్ళిందే. మా ఊళ్ళో జాలర్లు తెప్ప అంటారు. నాన్నకి ఈ సంగతి చెప్తే రెండు పొట్టలనీ కలిపే అడ్డదూలాన్ని తట్టి చూశారు, తన చిన్నప్పటి దుంగల తెప్పకి చుట్టమా అన్నట్టు.

ఒక పొట్ట ఉన్న పడవ గాలికి ఒక పక్కకి వాలుతుంది. అలవాటు లేనివాళ్ళు దానికి భయపడతారు, కెప్టెన్ ఎంత చెప్పినా చేతులు రెయిలింగ్ వదలవు. కుర్ర జంటకి అదే సరదా కావొచ్చు.

దీంతో వచ్చే నష్టం ఒకటే, నెమ్మది. నాలుగు గంటల్లో ఒక్కచోటే ఆగగలరు. రెండో బీచ్ అని ఆశపడితే సూర్యాస్తమయానికి ఇంజన్ మీద పరుగెత్తాల్సి వస్తుంది, అప్పుడు తెరచాప ఎందుకు? ఒకచోట గంటన్నర ఆగండి, చాలు.

రెండోసారి మేం వెళ్ళింది ఇలాగే. సాయంత్రం ఐదు దాటాక కెప్టెన్ ఇంజన్ ఆపి తెరచాప ఎత్తాడు. అప్పటిదాకా ఒకరినొకరు అరుస్తూ మాట్లాడుకున్నవాళ్ళం ఒక్కసారిగా గొంతు తగ్గించాం. చాప గాలికి బిగుసుకోవడం, పొట్ట కింద నీళ్ళు గలగలమనడం తప్ప ఇంకో చప్పుడు లేదు. అమ్మ కొంగు తల చుట్టూ కప్పుకుని కూర్చుంది. సూర్యుడు నీళ్ళని తాకినప్పుడు కింది అంచు కాస్త పక్కలకి పరుచుకున్నట్టయింది, మూకుడులో గరిటెతో జారవిడిచిన పిండి లాగా. అక్కణ్ణుంచి రెండు, మూడు నిమిషాలంతే. నాన్న లేచి నిలబడి దణ్ణం పెట్టుకున్నారు. పొద్దున పూట రోజూ పెట్టే దణ్ణమే, ఈసారి పడమరకి.

మీరు నలుగురు లేదా ఇంకా తక్కువమంది అయితే, మొత్తం పడవ మీకే తీసుకోవాలన్న పట్టు వదిలేయండి. క్రూజ్ బే నుంచి, రెడ్ హుక్ నుంచి మనిషికింత అని తీసుకుని రెండు గంటల సూర్యాస్తమయం ట్రిప్పు వేసే పడవలున్నాయి. రెండింటి నుంచి నాలుగింటి దాకా మీ సొంతంగా బీచ్, తర్వాత ఆ పడవ. డబ్బు బాగా మిగులుతుంది, సూర్యుడు ఇద్దరికీ ఒకడే. పక్కన ఇంకో పదిమంది ఉండటం మీకు పట్టింపు అయితేనే మొత్తం పడవ.

బోటే వద్దనుకుంటే

అక్కడ ప్రైవేట్ బీచ్ అనేది లేదు. వర్జిన్ ఐలాండ్స్ చట్టం ప్రకారం ఒడ్డు అందరిదీ, రిసార్ట్ ముందున్నది కూడా. మీకు ఏకాంతం కావాలంటే చోటుతో కాదు, వేళతో దొరుకుతుంది. సెయింట్ థామస్‌కి క్రూజ్ షిప్పులు వచ్చిన రోజు మెగెన్స్ బే, ట్రంక్ బే మధ్యాహ్నం దాకా కిటకిటలాడతాయి. ఓడ ఎక్కాల్సినవాళ్ళు తిరుగుముఖం పట్టగానే ఖాళీ అవుతాయి. మూడున్నర, నాలుగు తర్వాత వెళ్ళండి. (మీరే ఆ ఓడలో వచ్చి ఉంటే, ఓడ ఎన్నింటికి కదులుతుందో చూసుకోండి. చాలా ఓడలు సూర్యాస్తమయానికి ముందే బయల్దేరతాయి. అప్పుడు ఒడ్డున సన్‌సెట్ బుక్ చేయడం డబ్బు దండగ.)

చిన్నపిల్లలు, ఈత రాని పెద్దవాళ్ళు ఉన్న గుంపుకి నేను మాహో బే చెప్తాను. రోడ్డు పక్కనే ఇసుక, దిగి నాలుగడుగులేస్తే నీళ్ళు, లోతు తక్కువ, అల తక్కువ. అమ్మ మోకాళ్ళ లోతు నీళ్ళలో చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని అరగంట నిలబడింది అక్కడే. హనీమూన్ బీచ్‌కి క్రూజ్ బే నుంచి అడవి బాటలో సుమారు మైలు నడక, పెద్దవాళ్ళకి కష్టం.

సెయింట్ జాన్‌కి రెడ్ హుక్ నుంచి ఫెర్రీలో ఇరవై నిమిషాలు. అక్కడ జీపు అద్దెకి దొరుకుతుంది. బండి మన అమెరికా బండే, స్టీరింగ్ ఎడమ వైపే, కానీ నడపాల్సింది రోడ్డుకి ఎడమ పక్కన. ఇండియాలో నడిపిన చెయ్యి అయితే తొందరగా అలవాటవుతుంది. అయినా చీకటి పడ్డాక ఆ కొండ మలుపుల్లో నడపడం నాకు నచ్చలేదు. దీపాలు తక్కువ, మలుపు తిరగ్గానే రోడ్డు మధ్యలో గాడిదలు నిలబడి ఉంటాయి. సూర్యాస్తమయం దాకా ఉండాలనుకుంటే టాక్సీ మాట్లాడుకోండి. వెనక బెంచీలున్న ఓపెన్ ట్రక్కులే అక్కడ టాక్సీలు, రేటు మనిషికింత అని ఉంటుంది. తిరిగి తీసుకెళ్ళే టైము కూడా ముందే ఖాయం చేసుకోండి, చీకటి పడ్డాక బీచ్‌లో బండి దొరకదు.

సాయంత్రం పూట బీచ్‌లో కంటికి కనపడనంత చిన్న పురుగులు కుడతాయి. కాళ్ళు కప్పే బట్టలు తీసుకెళ్ళండి. ఇంకో జాగ్రత్త, ఇది మరీ ముఖ్యం: మాంచినీల్ అనే చెట్టు అక్కడి తీరాల్లో ఉంటుంది. చిన్న పచ్చ ఆపిల్ లాంటి కాయలు ఇసుకలో రాలి ఉంటాయి, తియ్యటి వాసన వేస్తాయి. కాయ విషం, పాలు తగిలితే ఒళ్ళు బొబ్బలెక్కుతుంది. వానకి దాని కింద నిలబడకూడదు. పిల్లలకి వెళ్ళేముందే చెప్పి ఉంచండి.

నెలని బట్టి

చలికాలంలో ఉత్తరపు ఒడ్డుకి దూరపు తుపానుల అలలు అప్పుడప్పుడు వస్తాయి, ఆ రోజు ట్రంక్ బే మానేయండి. ఎండాకాలంలో సర్గాసమ్ అనే గోధుమరంగు నాచు కొట్టుకొచ్చి, ఎక్కువగా తూర్పు, దక్షిణపు ఒడ్లకి చేరుతుంది. కుళ్ళితే కోడిగుడ్డు వాసన. అప్పుడు ఉత్తర, పడమర ఒడ్లు ఎంచుకోండి. జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా హరికేన్ల కాలం. 2017 సెప్టెంబర్‌లో ఇర్మా, రెండు వారాలకే మరియా ఈ దీవుల్ని ఊడ్చేశాయి. ఆగస్ట్, సెప్టెంబర్‌లో చవకగా వస్తుందని వెళ్ళాలనుకుంటే, హరికేన్ వస్తే డబ్బు తిరిగిస్తామని కాగితం మీద రాసిచ్చేవాళ్ళ దగ్గరే బుక్ చేయండి.

సంచిలో ఏముండాలి

ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్, ఆక్టోక్రిలీన్ ఉన్న సన్‌స్క్రీన్లని అక్కడ 2020 నుంచి నిషేధించారు, పగడాలకి హాని అని. జింక్ ఆక్సైడ్ ఉన్నది కొనుక్కోండి. స్ప్రే వద్దు, డెక్ జారుతుందని కెప్టెన్లు ఒప్పుకోరు.

తిండి ఇంటి నుంచే. అద్దె ఇంట్లో వంటగది ఉంటే పొద్దున్నే దద్దోజనం కలిపి డబ్బాల్లో పెట్టుకోండి. పులిహోర మాత్రం బోటులోకి తీసుకెళ్ళకండి. చాలా బోట్లలో సీట్లు తెల్లగా ఉంటాయి, మా చిన్నాడి పసుపు చేతి గుర్తు పడితే నేనూ కెప్టెనూ కలిసి పావుగంట తుడిచాం, పూర్తిగా పోలేదు. కడుపులో తిప్పే స్వభావం ఉన్నవాళ్ళు మాత్ర ఎక్కేముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక పని చేయదు.

పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోండి. అది అమెరికా భూభాగమే, మెయిన్‌ల్యాండ్ నుంచి నేరుగా వెళ్తే దేశం దాటినట్టు కాదు. కానీ తిరిగొచ్చేటప్పుడు సెయింట్ థామస్ విమానాశ్రయంలో అధికారులు కాగితాలు చూస్తారు. హెచ్-1బి (ఉద్యోగ వీసా) వాళ్ళు ఐ-797 అనే ఆమోద పత్రంతో సహా, అమ్మానాన్నా వీసా ఉన్న పాస్‌పోర్టుతో సహా అన్నీ చేతి సంచిలో పెట్టుకోండి. బోటువాళ్ళు పక్కనే ఉన్న బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్ కూడా చూపిస్తామంటే హాఫ్ డేకి ఒప్పుకోకండి. అది అమెరికా కాదు, బ్రిటిష్ భూభాగం, వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ ఇమిగ్రేషన్, ఉన్న నాలుగు గంటల్లో చాలా భాగం క్యూలోనే పోతుంది. వీసా మీద ఉన్నవాళ్ళకైతే అమెరికాలోకి మళ్ళీ ప్రవేశించే తతంగం కూడా.

చివరిగా, బోటు తేదీని ప్రయాణం ఆఖరి రోజుకి పెట్టుకోకండి. గాలి బాగాలేదని కెప్టెన్ రద్దు చేస్తే ఇంకో రోజు చేతిలో ఉండాలి. మేం వెళ్ళిన రెండోరోజుకి పెట్టుకున్నాం, వానొచ్చి మూడోరోజుకి జరిగింది.